మెదడు వాచిందా, ‘వాపునకు గురైందా’?

సందేహం: ‘బాలుడి మెదడు వాపునకు గురైంది’ అని పేపర్లో చదివాను. మెదడువాపు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందని మా వీధిలో అంటున్నారు. ఈ మాటలు సరైనవేనా?
– ఒక పాఠకుడు, అమలాపురం

సమాధానం: ‘గురైంది’ దగ్గరే నా పేచీ. బాణానికి గురి కావచ్చు, అవమానానికీ గురి కావచ్చు. వాపు బయటినుంచి వచ్చి తగిలేదా? ఒళ్లే వాస్తుంది. కాచు–కాపు, రాచు–రాపు, వాచు–వాపు. నిక్షేపంలాంటి క్రియ చేతిలో ఉండగా దాన్ని నామవాచకం చేసి, వెనక ‘గురి’ని తోక కట్టడం దేనికి? ‘మెదడు వాచింది’ అంటే సరిపోయె!

వాచు సామాన్యమైన మాట కాదు. కాలు వాస్తుంది, చిగుళ్లు వాస్తాయి. మనవణ్ణి చూడక అమ్మమ్మకు మొగం వాచిపోతుంది. గోదారికి ఎర్రనీరు వచ్చేదాకా పులస కోసం మనకూ అంతే. మళ్లీ మొగం వాచేలా చీవాట్లూ తింటాం. మొదటిది దొరక్క వాచడం, రెండోది దొరికి వాచడం! వాపు చూసి బలుపనుకోవద్దన్న సామెత సరేసరి.

ఆ సామెత కంటికి కనబడే వాపుకే చెల్లుతుంది. బోదకాలు డెల్టాలో తెలియనిదెవరికి? మెదడు వాస్తే పైకి కనబడదు. కపాలం సాగదు గనక లోపల ఒత్తిడి పెరుగుతుంది. జ్వరం, తలనొప్పి, వాంతులు, ఫిట్స్, పలవరింత, స్పృహ తప్పడం. బతికి బయటపడ్డా కొందరికి జ్ఞాపకమో, మాటో, నడకో దెబ్బతింటుంది. వెనకటివాళ్లు జ్వరంలో పలవరిస్తే ‘సంధి’ అనేవారు; అందులో ఇదీ కలిసే ఉంటుంది. వైద్యులకు శోథ (ఒంట్లో ఒక భాగం రేగి మంటెక్కడం, ఇన్‌ఫ్లమేషన్) వేరు, నీరు చేరి ఉబ్బడం వేరు. మన ‘వాపు’ రెంటినీ మోస్తుంది. వారు నొసలు చిట్లిస్తే కాదనను.

ఇక ‘అంటుకోవడం’. పేపర్లవాళ్లు మెదడువాపు అనేది ఎక్కువగా జపనీస్ రకాన్నే. ఆ వైరస్‌ను 1935లో జపాన్‌లో వేరుచేశారు. మన దేశంలో 1955లో వెల్లూరు ప్రాంతంలో బయటపడింది. వరిచేల నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమలు కొంగల నుంచి, పందుల నుంచి దాన్ని మనకు తెస్తాయి. రోగి పక్కన కూర్చుంటే రాదు. కనక ‘అంటుకుంది’ తప్పు.

‘సోకింది’ అనవచ్చా? సోకడమూ తాకడమే, అయినా గాలి సోకిందంటాం కదా, దోమ తెచ్చిన జబ్బుకు అననిద్దాం. కాకపోతే మెదడువాపులన్నీ క్రిములవల్ల వచ్చేవి కావు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే మెదడు మీద తిరగబడ్డప్పుడు సోకిందేమీ ఉండదు. వాచడం మాత్రం ఉంటుంది.