పాలు లేని పెరుగు, నెయ్యి లేని పప్పన్నం: మీ వంటింటి ప్రశ్నలకు జవాబులు

పాలు, పెరుగు, నెయ్యి, గుడ్లు ఏవీ వాడకుండా వండుకుంటున్నాం, ఫలానాది ఎలా చేయాలి అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. కొందరికి పాలు పడవు, కొందరు పశువుల మీద ప్రేమతో మానేశారు, కొందరికి డాక్టర్ చెప్పారు. కారణం ఏదైనా సరే, బాదం పాల డబ్బాల కోసం, ఖరీదైన ప్యాకెట్ చీజుల కోసం ముందే పరుగెత్తకండి. మన పప్పులు, పులుసులు, రోటి పచ్చళ్లు, పొడులు, పులిహోర, జొన్నరొట్టె, రాగి సంగటి, మీగడ వేయని ఉలవచారు, ఇవన్నీ ఎప్పుడూ మొక్కల వంటలే. చిక్కంతా పెరుగు, నెయ్యి, తీపి వంటల్లో పాలు, ఈ మూడు చోట్లే వస్తుంది, ఆ మూడింటికీ పల్లీలు, నువ్వులు, కొబ్బరి చాలా దూరం తీసుకెళ్తాయి.

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు: మేడమ్, మా అమ్మాయి పాల పదార్థాలన్నీ మానేసింది. అన్నిటికీ సర్దుకుంది గానీ ఆఖర్లో పెరుగన్నం లేకపోతే భోంచేసినట్టే లేదంటోంది. పల్లీ పాలతో పెరుగు తోడు పెడితే నీళ్లూ పిండీ వేరైపోయి పచ్చివాసన వచ్చింది. లోపం ఎక్కడుంది?

పచ్చివాసన వచ్చిందంటే పాలు సరిగా మరగలేదండీ. నీళ్లు వేరయ్యాయంటే పాలు పల్చనయ్యాయి, లేదా పెరుగు మరీ పులిసేదాకా బయట ఉండిపోయింది. మొదటి నుంచీ చెప్తాను.

ఒక కప్పు పచ్చి పల్లీలు తీసుకుని ముందు ఏరండి. ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, బూజు వాసన కొట్టేవి పారేయాలి, ఇక్కడ బద్ధకించొద్దు, ఎందుకంటే బూజు పట్టిన పల్లీల్లో ఉండే అఫ్లాటాక్సిన్ అనే విషం మరిగించినా పోదు. రాత్రంతా నానబెట్టి, పొద్దున చేత్తో రుద్ది పొట్టు తీసేస్తే పాలు తెల్లగా వస్తాయి, వగరు కూడా తగ్గుతుంది. కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ మిక్సీలో బాగా మెత్తగా రుబ్బి, మొత్తం రెండున్నర కప్పుల నీళ్లు మించకుండా కలిపి పల్చటి నూలు బట్టలో గట్టిగా పిండండి. మందపాటి గిన్నెలో పోసి, పక్కకు కదలకుండా కలుపుతూనే ఉండాలి, ఈ పాలు ఆవుపాల కంటే తొందరగా అడుగంటుతాయి, పొంగుతాయి కూడా. పొంగు వచ్చాక మంట తగ్గించి ఇంకో పది నిమిషాలు మరగనిస్తేనే ఆ పచ్చివాసన పోతుంది.

వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా చల్లారాక అర చెంచా పంచదార కలపండి, పల్లీ పాలలో మామూలు పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర ఉండదు కాబట్టి తోడు పనిచేయడానికి ఈ కాస్త తీపి సాయపడుతుంది. తోడు కోసం మామూలు పెరుగు వద్దనుకుంటే పచ్చిమిరపకాయల తొడిమలు ఎనిమిదో పదో కడిగి వేసి మూత పెట్టండి. పాలు పుల్లబడటానికి కావలసిన సూక్ష్మజీవులు ఆ తొడిమల మీద ఉంటాయి. మొదటిసారి తోడుకున్నది పల్చగా ఉంటుంది, వాసన కూడా అంత బాగుండదు, దాన్ని తినొద్దు. అందులోంచి ఒక చెంచా తీసి రెండోసారి పాలకు తోడు పెట్టండి, ఈసారి గట్టిగా వస్తుంది. మన ఎండాకాలంలో ఆరేడు గంటలు చాలు, చలికాలంలో రాత్రంతా పట్టొచ్చు. తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఎప్పుడైనా జిగురుగా సాగినా, గులాబీ రంగు, ఆకుపచ్చ మచ్చలు కనిపించినా మొత్తం పారబోయాల్సిందే, పైన తీసేసి కింద వాడుకోవడం వద్దు. నాలుగైదుసార్లయ్యాక తోడు బలం తగ్గుతుంది, మళ్లీ తొడిమలతో మొదలుపెట్టండి.

ఒక జాగ్రత్త. మీ అమ్మాయి ఇష్టంతో మానేసింది కాబట్టి మీకు బాధ లేదు గానీ, ఇంట్లో ఎవరికైనా పాల ఎలర్జీ ఉంటే మొదటి తోడుకు కూడా మామూలు పెరుగు చుక్క తగలనీయకూడదు. అలాగే పల్లీలు పడనివాళ్లకు ఇదంతా వద్దే వద్దు, సోయా పాలతో ఇదే పద్ధతిలో పెరుగు ఇంకా గట్టిగా తోడుకుంటుంది.

పెరుగన్నానికి అన్నం కాస్త మెత్తగా వండి, వేడిగా ఉన్నప్పుడే మెదిపి, పూర్తిగా చల్లారాకే ఈ పెరుగు కలపండి. అల్లం, పచ్చిమిర్చి, ఆవాలు, కరివేపాకు, ఇంగువతో తాలింపు కొంచెం ఘాటుగానే పెడితే పల్లీ వాసన వెనక్కి పోతుంది. మజ్జిగ పులుసు పెట్టాలంటే చెంచాడు శనగపిండి కలిపి సన్నని మంట మీద, తెర్లనివ్వకుండా దించాలి. బట్టలో మిగిలిన పిప్పిని దయచేసి పారేయకండి, చపాతీ పిండిలో కలపొచ్చు, వడల పిండిలో వేయొచ్చు, వేయించి కారం కలిపితే కూరల మీద చల్లుకునే పొడి అవుతుంది.

వరంగల్ నుంచి: కందిపప్పు కుక్కర్‌లో ఆరు విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటోంది. టమాట, చింతపండు, పప్పు అన్నీ ఒకేసారి వేసి పెడతాను, టైమ్ కలిసొస్తుందని. మాది బోరు నీళ్లు.

మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. పులుపు తగిలితే పప్పు మెత్తబడటం ఆలస్యమవుతుంది, బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం కూడా గింజ గోడల్లో ఉండే పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని పట్టుకుని మెత్తబడనివ్వవు. రెండూ కలిస్తే ఇక ఎన్ని విజిల్స్ వస్తే ఏం లాభం? పప్పు వరకు తాగే నీళ్లు వాడండి, అరగంట ముందే నానబెట్టండి, పసుపు, చుక్క నూనె వేసి విడిగా ఉడికించి, మెదిపాక చింతపండు పులుసు పోయండి. టమాట, మామిడికాయ, గోంగూర కూడా పక్క గిన్నెలో మగ్గించి కలిపితే ఆకుకూర రుచి కూడా నిలబడుతుంది. ఇంత చేసినా ఉడకట్లేదంటే అది పాత పప్పు, కొట్టు మార్చండి. కొందరు చిటికెడు వంటసోడా వేస్తారు, పప్పు ఉడుకుతుంది నిజమే గానీ బి-1 విటమిన్ పాడవుతుంది, పప్పే మనకు ముఖ్యమైన తిండి అయినప్పుడు అలా పోగొట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు.

అమీర్‌పేట హాస్టల్ నుంచి ఒక విద్యార్థిని: ఆంటీ, నేను పాలు, గుడ్లు తినను. నా దగ్గర ఉన్నది ఒక ఇండక్షన్ స్టవ్, ఒక గిన్నె. మెస్‌లో సాంబారన్నం, బంగాళాదుంప వేపుడే. నీరసంగా ఉంటోంది. తొందరగా అయ్యేవి చెప్పండి.

ముందు ఒక మాటమ్మా, నీరసం తగ్గకపోతే రక్త పరీక్ష చేయించుకో, అన్నీ తిండితోనే సరిపోతాయని ఊరుకోవద్దు. ఇక తిండి సంగతి. నీకు రోజూ కావలసింది పప్పు దినుసులు, మెస్ సాంబారులో అవి అడుక్కి దిగిపోయి ఉంటాయి. ఊరికి వెళ్లినప్పుడు అమ్మతో కందిపొడి, నువ్వుల పొడి, అవిసె గింజల కారం చేయించి చిన్న సీసాల్లో తెచ్చుకో. మెస్ అన్నంలోనే రెండు చెంచాల కందిపొడి, నూనె వేసుకుని తిన్నా ఆ పూట కొంత మేలు. పుట్నాల పప్పు ఒక డబ్బా కొని పెట్టుకో, వండాల్సిన పనే లేదు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలుపుకుని తినేయొచ్చు. పెసలు రాత్రి నానబెట్టి, నీళ్లు వంచేసి తడిబట్టలో కడితే మర్నాటికి మొలకలు వస్తాయి, వాటిని పచ్చిగా తినకుండా ఐదు నిమిషాలు ఉడికించుకో, హాస్టల్ నీళ్లు ఎలాంటివో మనకు తెలియదు కదా. అటుకులు కడిగి వంచేసి, అదే గిన్నెలో తాలింపు, పల్లీలు, నిమ్మకాయ పిండితే అటుకుల పులిహోర పది నిమిషాల్లో అవుతుంది. ఎర్ర కందిపప్పు, అదే మసూర్, నానబెట్టకపోయినా మామూలు గిన్నెలో పావుగంట, ఇరవై నిమిషాల్లో ఉడికిపోతుంది. అందులో గుప్పెడు తోటకూరో పాలకూరో తుంచి వేసి, దించాక నిమ్మరసం పిండుకో. ఆ పులుపులోని విటమిన్ సి వల్ల ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే గంట దూరం పెట్టు, టీ ఆ ఐరన్‌ను అడ్డుకుంటుంది.

తిరుపతి నుంచి: పాలు మానేసి చాలా కాలమైంది, ఇప్పుడు బి-12 విటమిన్ తక్కువుందన్నారు. ఏ ఆకుకూర తింటే పెరుగుతుంది?

ఏ ఆకుకూరతోనూ పెరగదండీ. బి-12ను తయారుచేసేది సూక్ష్మజీవులు, మొక్కల్లో నమ్ముకోదగ్గంత ఉండదు, స్పిరులినాలో ఉండేది మన శరీరానికి పనికొచ్చే రూపం కాదు. పాలు, గుడ్లు, మాంసం ఏవీ తిననివాళ్లు మాత్ర వేసుకోవాలి, లేదా బి-12 కలిపిన ఆహారం తీసుకోవాలి, మోతాదు డాక్టర్ చెప్తారు. చాలాకాలం వదిలేస్తే నరాలు దెబ్బతింటాయి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. కాల్షియం మాత్రం వంటింట్లోనే దొరుకుతుంది: 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, పొట్టు తీయని నువ్వుల్లో అంతకంటే చాలా ఎక్కువ. వారంలో కొన్నిసార్లు రాగి జావ, రాగి సంగటి, రోజూ ఒక చెంచా నువ్వుల పొడి అలవాటు చేసుకోండి.

కర్నూలు నుంచి: పప్పన్నంలో నెయ్యి లేకపోతే గొంతు దిగట్లేదు. పండగ పిండివంటలకు ఏం చేయాలి?

ముద్దపప్పు, ఆవకాయలో గానుగ నువ్వుల నూనె వేసుకుని తినే ఇళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి, నా మటుకు నాకు ఆవకాయకు నెయ్యి కంటే అదే బాగుంటుంది. వేడన్నం మీద పచ్చి నూనెగానే వేయండి, కాచొద్దు. వట్టి పప్పన్నానికైతే వేయించిన నువ్వులు, జీలకర్ర, ఎండుమిర్చి బరకగా దంచి చల్లుకుంటే నెయ్యి వాసన లేని లోటు తెలియదు. పిండివంటల్లో అరిసెలు, సకినాలు, నువ్వుల ఉండలు, పల్లీ ఉండలకు నెయ్యి లేకపోయినా నష్టం లేదు, అరిసెల పాకంలో వేసే ఆ చెంచాడు నెయ్యి మానేస్తే సరి. బొబ్బట్లు నూనెతో కాల్చండి, పూర్ణంలో కొబ్బరి కోరు కలిపితే పొడిబారకుండా ఉంటాయి. నెయ్యి మీదే నిలబడే మైసూర్‌పాక్ లాంటివాటిని డాల్డాతో చేయడం మాత్రం నేను ఒప్పుకోను, నెయ్యి మానేసి వనస్పతి తినడం ఆరోగ్యానికి ఏ రకంగానూ మంచిది కాదు. కొన్ని వంటలను వదిలేయడమే మేలు.

కాకినాడ నుంచి: కొబ్బరిపాలతో పాయసం, కుర్మా చేసినప్పుడల్లా విరిగిపోతున్నాయి.

కొబ్బరి కోరును మొదటిసారి పిండిన చిక్కటి పాలు వేరుగా ఉంచండి, రెండోసారి, మూడోసారి తీసిన పల్చటి పాలలో సగ్గుబియ్యమో కూరగాయలో ఉడికించండి. చిక్కటి పాలు ఆఖర్న పోసి, కాస్త వేడెక్కగానే దించేయాలి, కుతకుత ఉడికితే నూనె తేలుతుంది. కుర్మాలో పులుపు ఎక్కువుంటే చెంచా బియ్యప్పిండి నీళ్లలో కలిపి ముందే పోయండి. బెల్లం పాయసమైతే బెల్లాన్ని వేరే కరిగించి వడకట్టి, చల్లారాక కలపండి.

డాలస్ నుంచి: స్లో కుక్కర్‌లో ఎర్ర రాజ్మా పొద్దున వేసి ఆఫీసుకు వెళ్తే సాయంత్రానికి రెడీగా ఉంటుందని కొన్నాం. అది తిన్న రోజు ఇద్దరికీ వాంతులయ్యాయి. గింజలు పాడయ్యాయా?

గింజలు పాడవ్వలేదు, సరిగా మరగలేదు. ఎర్ర రాజ్మాలో పచ్చిగా ఉన్నప్పుడు లెక్టిన్ అనే విషపదార్థం ఎక్కువ ఉంటుంది, గట్టిగా తెర్లితేనే పోతుంది. స్లో కుక్కర్ వేడి దానికి చాలదు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో పొయ్యి మీద కనీసం 10 నిమిషాలు, వీలుంటే అరగంట తెర్లించి, ఆ తర్వాతే స్లో కుక్కర్‌లో వేయండి. ప్రెషర్ కుక్కర్ వాడితే ఈ భయమే లేదు, డబ్బాల్లో దొరికేవి కూడా ఉడికించినవే.

విశాఖపట్నం నుంచి: ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంటే పాలు లేనట్టేనా?

కాదు. పచ్చ చుక్క శాకాహారం అని మాత్రమే చెప్తుంది, అందులో పాలపొడి, వెన్న, నెయ్యి ఉండొచ్చు. వీగన్ ఆహారానికి, అంటే పాలతో సహా పశువుల నుంచి వచ్చేవేవీ కలపని ఆహారానికి, మన ఆహార భద్రతా సంస్థ 2022లో నిబంధనలు తెచ్చింది, వాటికి ఆకుపచ్చ రంగులో ఇంగ్లీషు వి అక్షరం ఉన్న గుర్తు వేరే ఉంటుంది. అది కనపడకపోతే వెనకవైపు పదార్థాల జాబితా చదవండి, బ్రెడ్, బిస్కెట్లు, చిప్స్ మసాలాల్లో కూడా పాలపొడి కలుస్తుంటుంది.

నిజామాబాద్ నుంచి: మీల్ మేకర్ వాసన మా పిల్లలకు పడట్లేదు.

ఎండు మీల్ మేకర్‌లో సగం బరువు ప్రోటీనే, వదులుకోకండి. ఉప్పు వేసిన మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, చల్లటి నీళ్లలో వేసి గట్టిగా పిండండి. మళ్లీ నీళ్లు పోసి మళ్లీ పిండండి, నురగ రాకుండా నీళ్లు తేటగా వచ్చేదాకా. తర్వాత నిమ్మరసం, అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి పట్టించి అరగంట ఉంచి, నూనెలో అంచులు ఎర్రబడేలా వేయించి అప్పుడు కూరలో వేయండి. పెద్ద ముక్కలైతే లోపల నీళ్లు మిగిలిపోతాయి, పిల్లలకు చిన్న గుండ్లు కొనండి. పిండిన నీళ్లు మాత్రం కూరలో పోయొద్దు, ఆ వాసనంతా వాటిలోనే ఉంటుంది.