ఎన్నో జట్లు మారిన క్యాచర్ విఫలమైనట్టేనా? ఎరిక్ క్రాట్జ్‌ను చూసి నేను తెలుసుకున్నది

మీరు అడిగినవి రెండు. బేస్‌బాల్‌లో ఏటేటా జట్టు మారే క్యాచర్‌ను (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే ఆటగాణ్ణి) ఎవరూ ఉంచుకోవడం లేదనే కదా అర్థం? స్కూలు జట్టులో క్యాచర్‌గా ఆడతానంటున్న మీ అబ్బాయిని ప్రోత్సహించవచ్చా?

మొదటిదానికి నా జవాబు: కాదు. అతడు కావాలని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతున్నారని అర్థం.

2011లో మేము పెన్సిల్వేనియాలో అలెన్‌టౌన్ దగ్గర ఉండేవాళ్లం. అమెరికా బేస్‌బాల్‌లో అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద, ట్రిపుల్-ఎ స్థాయిలో, ఫిలడెల్ఫియా ఫిలీస్‌కు అనుబంధంగా లీహై వ్యాలీ ఐరన్‌పిగ్స్ అనే జట్టు అక్కడ ఆడుతుంది. కాలేజీ రోజుల్లో వికెట్ కీపర్‌గా ఆడినవాణ్ణి కనుక నా చూపెప్పుడూ క్యాచర్ మీదే ఉండేది. ఆ ఏడాది ఐరన్‌పిగ్స్ క్యాచర్ ఎరిక్ క్రాట్జ్. పక్కనే ఉన్న టెల్ఫర్డ్‌లో పుట్టినవాడు. కీపర్‌లాగే గొంతుక్కూర్చుని బంతులు పట్టడమే అతడి పని అనుకుంటూ వెళ్లిన నాకు, రెండు మూడు ఆటలు చూసేసరికి అసలు సంగతి బోధపడింది. ఏ బంతి, ఎటువైపు వేయాలో అప్పట్లో వేళ్లతో సైగ చేసి చెప్పేది క్యాచరే. బంతి విసిరే పిచర్ తడబడితే ఆట ఆపించి, దగ్గరికి నడిచి వెళ్లి ధైర్యం చెప్పేదీ అతడే. మైదానంలో మిగతావారందరికీ ఎదురుగా కూర్చునేది కూడా అతడొక్కడే.

క్రాట్జ్ పెద్ద కళాశాల నుంచి రాలేదు. వర్జీనియాలోని ఈస్టర్న్ మెనోనైట్ విశ్వవిద్యాలయంలో చదివాడు. 2002 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) టొరాంటో బ్లూ జేస్ అతణ్ణి 29వ రౌండులో తీసుకుంది. మేజర్ లీగ్‌లో తొలి ఆట 2010లో, పిట్స్‌బర్గ్ పైరేట్స్ తరఫున. అప్పటికి వయసు 30. చాలామంది ఆశ వదులుకుని వేరే ఉద్యోగం చూసుకునే వయసది. అక్కడి నుంచి 2020 వరకు తొమ్మిది మేజర్ లీగ్ జట్లకు ఆడాడు. 2016లో హ్యూస్టన్‌కూ పిట్స్‌బర్గ్‌కూ క్యాచర్‌గా ఆడుతూనే, అవసరం పడితే రెండు జట్లకూ బంతి విసిరాడు కూడా!

ఇన్ని మార్పులు ఎందుకంటే, ప్రతి జట్టూ ఇద్దరు క్యాచర్లను దగ్గర ఉంచుకుని, మూడోవాణ్ణి ట్రిపుల్-ఎలో సిద్ధంగా పెడుతుంది. మోకాలికో వేలికో దెబ్బ తగలని క్యాచర్ ఉండడు కాబట్టి ఆ మూడోవాడికి ఎప్పుడైనా పిలుపు వస్తుంది. గాయపడినవాడు కోలుకోగానే మళ్లీ కిందికి పంపుతారు, లేదా వదిలేస్తారు. అప్పుడు ఇంకో జట్టు అందుకుంటుంది. ఆ పిలుపు విలువ చిన్నది కాదు. 2019లో ట్రిపుల్-ఎ కనీస జీతం వారానికి 502 డాలర్లు, మేజర్ లీగ్ కనీస జీతం ఏడాదికి 5,55,000 డాలర్లు. మేజర్ లీగ్‌లో 43 రోజులు గడిపితే పింఛనుకు అర్హత వస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది 2018. మే నెలలో న్యూయార్క్ యాంకీస్ జట్టు అతణ్ణి మిల్వాకీ బ్రూవర్స్‌కు ఇచ్చేసింది. ఆ అక్టోబరులో, 38 ఏళ్ల వయసులో, మొదటిసారి ప్లేఆఫ్ (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే నాకౌట్ పోటీలు) ఆట ఆడాడు. కొలరాడో రాకీస్ మీద సిరీస్‌లో ఎనిమిది ప్రయత్నాల్లో ఐదు హిట్లు (బంతిని కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరడం)! మిల్వాకీ ఆ సిరీస్‌ను 3-0తో గెలిచింది. ఆ రోజు ఇంట్లో నేను పెట్టిన కేకకు పిల్లలు నిద్ర లేచారు. బ్యాటింగ్ సగటు మాత్రమే చూసి క్రాట్జ్‌ను తీసిపారేసేవారితో నేను ఎప్పటికీ ఏకీభవించను. పిచర్లు నమ్మే మనిషిని సగటు కొలవలేదు.

ఇక మీ అబ్బాయి విషయం. తప్పకుండా ఆడనివ్వండి. ఆ స్థానానికి పోటీ పడే పిల్లలు తక్కువ, అవసరం మాత్రం ప్రతి జట్టుకూ ఉంటుంది. మోకాళ్లకు విశ్రాంతి దొరికేలా, వరుసగా అన్ని ఆటల్లోనూ అతణ్ణే కూర్చోబెట్టవద్దని కోచ్‌తో ముందే మాట్లాడండి. స్కూల్లో భాష ఎంచుకునే వీలుంటే స్పానిష్ తీసుకోమనండి. పైస్థాయి జట్లలో డొమినికన్ రిపబ్లిక్, వెనెజులా పిచర్లు చాలామంది ఉంటారు. వాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడగల క్యాచర్‌ను జట్లు వెతుక్కుంటాయి.