అమ్మ ఎడమ చెయ్యి కనబడని ఫోటో

మీ దగ్గరున్న ఫోటోల్లో మీకు అన్నిటికన్నా విలువైనది ఏది, దాని వెనకున్న కథేమిటి అని అడిగారు. నాది అరచేతిలో పట్టేంత నలుపు తెలుపు ఫోటో. అందులో ఉన్నది మా అమ్మ, పెద్దమ్మ. అమ్మకు ఏడేళ్లుంటాయేమో, పెద్దమ్మకు పదో పదకొండో. స్టూడియోలో తీయించినది. చుట్టూ ఉన్న తెల్లటి అంచు రంపపు పళ్లలా కత్తిరించి ఉంటుంది. వెనక ఒక్క అక్షరం కూడా లేదు.

చూడ్డానికి మామూలు ఫోటోనే. పెద్దమ్మ కాస్త ముందు నిలబడింది, అమ్మ ఆమె భుజం వెనక సగం దాక్కున్నట్టు ఉంది. అమ్మ నవ్వుతోంది. పెద్దమ్మ మాత్రం పెదవులు బిగించి, కెమెరా వైపు కాకుండా పక్కకి చూస్తోంది. మా చిన్నప్పట్నుంచీ ఆ ఫోటో బయటికి తీసినప్పుడల్లా "పెద్దమ్మకి అప్పుడే ఎంత కోపమో చూడు" అని నవ్వుకునేవాళ్లం. అమ్మని అడిగితే "ఏమో, అప్పటి సంగతులు నాకేం గుర్తుంటాయి" అనేసేది.

అమ్మ పోయాక ఒకసారి ఆ ఫోటో తీసుకెళ్లి పెద్దమ్మ చేతిలో పెట్టాను. కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది. "మీ అమ్మ ఎడమ చెయ్యి ఎక్కడుందో చూశావా?" అంది. అన్నేళ్లుగా చూస్తున్నా నా కంట పడని విషయం అది. కుడి చెయ్యి గౌను అంచు పట్టుకుని ఉంది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర్నుంచి పెద్దమ్మ వీపు వెనక్కి పోయింది.

ఆ చేతికి పిండికట్టు ఉందట. మెట్ల మీంచి జారిపడి విరిగిందని ఇంట్లో అందరికీ తెలిసిన మాట. నిజానికి ఏదో బొమ్మ కోసం పోట్లాడుకుంటూ తోసింది పెద్దమ్మ. ఆ సంగతి అమ్మ ఎవరికీ చెప్పలేదు. స్టూడియోలో తాతయ్య, "కట్టు కనబడకుండా నువ్వు చెల్లికి ముందు నిలబడు" అని పెద్దమ్మని నిలబెట్టారట.

"నవ్వు, నవ్వు అంటున్నారు. ఎలా నవ్వను రా? దాని వేళ్లు నా వీపుకి తగులుతున్నాయి" అంది పెద్దమ్మ.

మేమంతా కోపం అనుకున్నది భయం. అమ్మకి నిజంగానే గుర్తులేదా, లేక అక్క మాట బయటపెట్టకూడదని చివరిదాకా అలా అనేసిందా? రెండోదే అని నా నమ్మకం. ఆ రోజు పెద్దమ్మని అడక్కపోయి ఉంటే ఈ కథ ఆమెతోనే పోయేది, అమ్మ గురించి ఇంత పెద్ద విషయం నాకు తెలిసేదే కాదు. అందుకే ఆ ఫోటో నాకు అంత ప్రాణం.

అడిగి రాసుకునేవాళ్లు లేకపోతే ఏమవుతుందో అనడానికి నాకు గుర్తొచ్చే ఫోటో ఒకటుంది. 1838లో పారిస్‌లో, ఫోటో తీసే పద్ధతిని కనిపెట్టినవాళ్లలో ఒకడైన డాగెర్ ఒక వీధిని ఫోటో తీశాడు. మనుషులు కనబడే ఫోటోల్లో మనకు తెలిసినంతలో మొదటిదిగా దాన్నే చెబుతారు. అప్పట్లో ఒక్క ఫోటోకి నిమిషాల తరబడి వెలుతురు పట్టాలి కాబట్టి, వీధిలో కదిలే జనం, బళ్లు ఏవీ పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకచోట నిలబడ్డ మనిషి మాత్రం మిగిలాడు. అతను ఎవరో తెలియదు. నాకు ఆ ఫోటో చూసినప్పుడల్లా దిగులేస్తుంది. అతన్ని ఎరిగినవాళ్లు ఆ చుట్టుపక్కలే ఉండుంటారు కదా.

దీనికి పూర్తిగా ఎదురు కథ అమెరికా వ్యోమగామి చార్లీ డ్యూక్‌ది. 1972 ఏప్రిల్‌లో అపోలో 16లో చంద్రుడి మీదికి వెళ్లినప్పుడు భార్య, ఇద్దరు కొడుకులతో తను దిగిన ఫోటోని ప్లాస్టిక్ కవర్లో పెట్టి తీసుకెళ్లి అక్కడి నేల మీద వదిలేసి వచ్చాడు. వెనక వైపు, ఇది భూమి నుంచి వచ్చిన వ్యోమగామి డ్యూక్ కుటుంబం అని, చంద్రుడి మీద దిగింది ఎప్పుడో దానితో సహా రాశారు, ఇంట్లోవాళ్లంతా సంతకాలు చేశారు. మనిషన్నవాడు మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియని చోట కూడా ఆ నాలుగు మాటలు రాయాలనిపించింది చూడండి. మన అల్మారాలో ఉన్నవాటికి మనం రాయం.

ఫోటోలో కనబడే బొమ్మ కూడా మనతో శాశ్వతంగా ఉండదు. నలుపు తెలుపు ఫోటోలో బొమ్మంతా వెండి రేణువులే, కాస్త జాగ్రత్తగా ఉంచితే చాలాకాలం నిలుస్తుంది. పాత కలర్ ఫోటోలు రంగుల పొరల మీద ఆధారపడ్డవి. 1960లు, 70ల నాటి వాటిలో చాలావాటికి చీకట్లో దాచినా నీలి పొరే ముందు వెలిసిపోతుంది, అందుకే అంతా ఎర్రబారి కనిపిస్తాయి. నాన్న ఉద్యోగంలో చేరిన రోజు ఫోటో మా దగ్గర అలాగే అయింది. అందులో చొక్కా ఇప్పుడు గోధుమరంగులో ఉంది. అది లేత నీలం అని, స్నేహితుడి దగ్గర అడిగి వేసుకున్నదని నాన్న చెప్పారు కాబట్టి నాకు తెలుసు.

మీరూ ఇంట్లో పెద్దవాళ్లని అడగాలనుకుంటే నా అనుభవంలో ఒక మాట. "ఇదెవరు?" అని అడిగితే పేరు చెప్పి ఊరుకుంటారు. "ఈ ఫోటో తీస్తున్నది ఎవరు?", "ఇది తీశాక మీరంతా ఎక్కడికి వెళ్లారు?" అని అడగండి, మాట దానంతటదే సాగుతుంది. ఫోన్లో చూపించకుండా అసలు ఫోటోని చేతికివ్వండి. తిప్పి చూస్తారు, వేలు పెట్టి చూపిస్తారు, ఆ చూపించడంలోనే ఏదో గుర్తొస్తుంది. వాళ్లని అడిగి, మాటలు ఫోన్లో రికార్డ్ చేసుకోండి. పెద్దమ్మ మాటలు నా దగ్గర ఆమె గొంతులోనే ఉన్నాయి.

వెనక రాసేటప్పుడు బాల్‌పెన్ వద్దు, నొక్కు ముందువైపుకి తేలుతుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచు దగ్గర తేలిగ్గా రాస్తే చాలు. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితమైతే పెన్సిల్ పట్టదు, అప్పుడు విడిగా చీటీ రాసి జతచేయండి. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఉన్నవాటిని బలంగా లాగకండి, చిరిగిపోతాయి. ఊడిరాకపోతే పేజీతో సహా స్కాన్ చేసుకోండి. వెనక ఏమైనా రాసి ఉంటే దాన్ని కూడా స్కాన్ చేయండి.

మా ఇంట్లో ఇంకా తేలని ఫోటో ఒకటుంది. అమ్మానాన్నల పెళ్లి ఫోటోల్లో, ఒకావిడ అమ్మ పక్కనే నిలబడి, అమ్మ చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. ఆవిడ ఎవరో నాన్నకీ తెలియదు, పెద్దమ్మకీ తెలియదు. అమ్మతో చదువుకున్న స్నేహితురాలు ఒకరు ఉన్నారని ఈమధ్యే తెలిసింది. ఆవిడకి ఫోన్ చేశాను, వచ్చే ఆదివారం రమ్మన్నారు. అసలు ఫోటోనే తీసుకెళ్తున్నాను.