అమెరికాలో న్యూజెర్సీలోని బాల్టస్‌రోల్ గోల్ఫ్ క్లబ్బులో గెస్టుగా ఆడే అవకాశం వస్తే మామూలు ఆటగాడు ఏం తెలుసుకుని వెళ్లాలి?

గోల్కొండ కోట పక్కన ఉన్న కోర్సులో ఆట నేర్చుకున్నానని, హ్యాండిక్యాప్ 22 అని (అంటే మంచి ఆటగాడి కంటే రౌండుకి సుమారు ఇరవై రెండు షాట్లు ఎక్కువ పడతాయని), ఆఫీసులో సీనియర్ ఒకాయన బాల్టస్‌రోల్ లోయర్ కోర్సుకి పిలిచారని, అక్కడ పరువు పోతుందేమోనని భయంగా ఉందని రాశారు. నా హ్యాండిక్యాప్ కూడా ఇంచుమించు అంతే. ఒక మెంబరు గారి దయవల్ల అక్కడ ఆడగలిగాను. తప్పకుండా వెళ్లండి. కాకపోతే ముందువైపు టీల నుంచి ఆడండి (టీ అంటే మొదటి షాట్ కొట్టే చోటు, ముందున్నదైతే దూరం తక్కువ). మొహమాటానికి పోయి వెనక టీ ఎక్కితే కోర్సు చూడకుండానే రోజు అయిపోతుంది.

ఎందుకంటున్నానంటే, అది బలం చూపించమని కట్టిన కోర్సు కాదు, ఆలోచించి ఆడమని కట్టింది. క్లబ్బు 1895లో మొదలైంది. అంతకుముందు ఆ నేల బాల్టస్ రోల్ అనే రైతుది. 1831లో ఆయన్ని హత్య చేశారు, ఆయన పేరే క్లబ్బుకి నిలిచింది. 1903లోనూ, 1915లోనూ అమెరికా జాతీయ ఛాంపియన్‌షిప్ అయిన యు.ఎస్. ఓపెన్ జరిగిన పాత కోర్సు ఒకటి అక్కడ ఉండేది. దాన్ని దున్నేసి ఒకేసారి రెండు కోర్సులు వేద్దామని కోర్సుల రూపశిల్పి ఎ. డబ్ల్యు. టిల్లింగ్‌హాస్ట్ క్లబ్బు వాళ్లని ఒప్పించాడు. అప్పర్, లోయర్ రెండూ 1922లో సిద్ధమయ్యాయి. ఆయన ధైర్యం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఈమధ్య గిల్ హాన్స్ అనే మరో రూపశిల్పి ఆయన పాత ప్లాన్లు ముందు పెట్టుకుని లోయర్‌ని మళ్లీ తీర్చిదిద్దాడు, 2021లో తెరిచారు. ఫెయిర్‌వేలు (టీకీ గ్రీన్‌కీ మధ్య పొట్టిగా కత్తిరించిన గడ్డి దారులు) వెడల్పయ్యాయి. మనలాంటివాళ్లకి అది పెద్ద ఊరట.

ఇంకో ఊరట: యు.ఎస్. ఓపెన్ లాంటి మేజర్ టోర్నమెంట్లప్పుడు 1, 7 హోల్స్‌ని (కోర్సులోని 18 భాగాల్లో ఒక్కోటీ ఒక హోల్) పార్ 4 చేస్తారు, అంటే నాలుగు షాట్లలో ముగించాలి. మెంబర్లకీ గెస్టులకీ అవి పార్ 5. కాబట్టి మొదటి టీ మీద గుండె దడ తగ్గించుకుని మూడు షాట్లలో గ్రీన్ (జెండా, గుంత ఉండే నున్నటి గడ్డి) చేరండి, చాలు.

అందరూ అడిగేది 4వ హోల్ గురించి. పార్ 3, ముందంతా చెరువు, నీళ్లలోంచి లేచిన రాతిగోడ మీద గ్రీన్. 1954 యు.ఎస్. ఓపెన్‌కి ముందు కోర్సుల రూపశిల్పి రాబర్ట్ ట్రెంట్ జోన్స్ దాన్ని మార్చినప్పుడు, మరీ కష్టంగా ఉందని మెంబర్లు గొడవ పెట్టారట. ఆయన తనే టీ మీద నిలబడి కొట్టాడు. బంతి సరాసరి హోల్‌లోకి వెళ్లింది, ఇక ఎవరూ మాట్లాడలేదు! ముందు టీ నుంచి దూరం బాగా తగ్గుతుంది గానీ నీళ్లు మాత్రం తప్పవు. జెండా ముందువైపు ఉన్నా దాన్ని చూడకండి. ఒక క్లబ్ ఎక్కువ (ఇంకాస్త దూరం కొట్టే కర్ర) తీసుకుని గ్రీన్ మధ్యకి కొట్టండి. వెనక బంకర్లో (ఇసుక గుంతలో) పడ్డా బంతి మీ దగ్గరే ఉంటుంది.

నాకు మాత్రం ప్రాణం 17వ హోల్. పెద్ద టోర్నమెంట్లలో దాదాపు 650 గజాల పార్ 5. దాని గ్రీన్‌ని రెండు షాట్లలో మొదట చేరింది దూరం కొట్టడంలో పేరున్న జాన్ డేలీ, 1993లో. మనకి అసలు పరీక్ష రెండో షాట్. ఫెయిర్‌వేని అడ్డంగా కోసేస్తూ సహారా అని పిలిచే బంకర్ల గుంపు ఉంటుంది, ఇసుక మధ్యలో గడ్డి దిబ్బలతో. డ్రైవ్ (టీ నుంచి కొట్టిన మొదటి షాట్) ఫెయిర్‌వేలో ఉంటే దాన్ని దాటించే ప్రయత్నం చేయండి, ఆ ఆనందం వేరు. రఫ్‌లో (పక్కనుండే పొడవు గడ్డిలో) ఉంటే మాత్రం చిన్న క్లబ్‌తో ఇసుక ముందే ఆపండి. ఆరు కొట్టి బయటపడితే మంచి స్కోరే. మూడో షాట్ నాటికి గ్రీన్ పైకి ఉంటుంది, చుట్టూ బంకర్లు, కాబట్టి అక్కడా ఒక క్లబ్ ఎక్కువే.

బ్యాగు మోస్తూ సలహాలిచ్చే క్యాడీ మాట వినండి. అక్కడి గ్రీన్లు మనం అలవాటు పడ్డవాటికంటే చాలా వేగం, వాలు కంటికి అందదు. ఒక గ్రీన్ మీద క్యాడీ జెండా కర్ర నీడ కొస చూపించి "అక్కడికి కొట్టండి, హోల్ సంగతి మర్చిపోండి" అన్నాడు. చూస్తే హోల్‌కి జానెడు పక్కకి. అలాగే కొట్టాను. చివరి మూడడుగుల్లో బంతి మెల్లగా తిరిగి హోల్ అంచున ఆగింది.

18వ ఫెయిర్‌వేలో నేల మీద ఒక ఫలకం ఉంటుంది. 1967 యు.ఎస్. ఓపెన్ ఆఖరి రోజు జాక్ నిక్లాస్ 1-ఐరన్‌తో (వాడటం కష్టమైన, దూరం కొట్టే ఇనుప క్లబ్‌తో) గ్రీన్ మీదికి కొట్టిన చోటు అది. ఆ హోల్‌లో వచ్చిన బర్డీతో (పార్ కంటే ఒక షాట్ తక్కువ) టోర్నమెంట్ మొత్తం 275 షాట్లు అయి, అప్పటి యు.ఎస్. ఓపెన్ రికార్డు బద్దలైంది. 2005లో ఇక్కడే జరిగిన మరో మేజర్, పీజీఏ ఛాంపియన్‌షిప్ ఆఖరి హోల్‌లో ఫిల్ మికెల్సన్ ఆ ఫలకాన్ని క్లబ్‌తో తట్టి మరీ ఆడి గెలిచాడు. మీరూ తట్టండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మిగతావి చిన్న విషయాలు. కాలర్ ఉన్న షర్టు టక్ చేసుకోండి, ఫోన్ బ్యాగులోనే ఉంచండి. ఇలాంటి క్లబ్బుల్లో ఖర్చు మామూలుగా మెంబరు ఖాతాలోకే వెళ్తుంది, గెస్టు కార్డు తీయడం ఉండదు. క్యాడీకి మాత్రం నగదు కావాలి, ఎంతివ్వాలో మీ సీనియర్ని ముందే అడగండి. శాకాహారులైతే ఆ సంగతి కూడా అప్పుడే చెప్పేయండి. ఆట అయ్యాక భోజనానికి కూర్చోకుండా పంపరు.