అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ ఉత్తరం చదువు

చిట్టితల్లీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. గుంటూరు స్థలంలో ఇల్లు మొదలు పెడుతున్నారట, ముగ్గురు బిల్డర్లు కొటేషన్లు ఇచ్చారట. వాళ్లలో చదరపు అడుగుకి అందరికంటే 150 రూపాయలు తక్కువ చెప్పినతనికి అల్లుడుగారు దాదాపు మాట ఇచ్చేశారని కూడా చెప్పింది. అడ్వాన్సు మాత్రం ఇంకా ఇవ్వలేదంది. ఆ మాట విన్నాకే నా మనసు కుదుటపడింది. ఇవ్వకముందే నీకు అందాలని ఇది రాస్తున్నాను.

మీ పెదనాన్న ఉద్యోగం శ్రీకాకుళంలో ఉన్నప్పుడు మా ఇల్లు దగ్గరుండి కట్టించింది నేనే. మొదటి మేస్త్రీని బంధువులు చెప్పారని పెట్టుకున్నాను. మర్యాదస్తుడు, చెప్పిన టైముకి వచ్చేవాడు. "ఇనుము రేటు పెరుగుతోందమ్మా, ఇప్పుడే కొనేస్తే కలిసొస్తుంది" అని పని కంటే ముందే మూడు లక్షలు అడిగితే ఇచ్చేశాను. ఆ డబ్బు ఇంకో సైట్లో పెట్టాడు. మా పిల్లర్లు తలమీద చువ్వలతో నాలుగు నెలలు అలాగే నిలబడిపోయాయి. రోజూ సాయంత్రం వెళ్లి ఆ చువ్వలు ఎర్రగా తుప్పు పట్టడం చూసి వచ్చేదాన్ని. ఆ టెన్షన్ నీకు వద్దు తల్లీ.

ముందు మట్టి సంగతి. గుంటూరు చుట్టుపక్కల చాలా చోట్ల నల్లరేగడి. మొన్న చూసినప్పుడు మీ స్థలంలోనూ పైన నల్లమట్టే కనపడింది. వానకి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోయి చేయి దూరేంత నెర్రెలు ఇస్తుంది. ఇల్లంతా ఒకేలా లేచి దిగితే ఫర్వాలేదు. బాత్రూం నీళ్లు ఇంకే మూల ఒకలాగా, పడమటి ఎండ తగిలే మూల ఇంకోలాగా కదిలితేనే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు పడతాయి. అందుకని ఏ బిల్డర్‌నైనా మొదట అడగాల్సింది రేటు కాదు, పునాది ఎలా వేస్తారని. "అయిదడుగులు తవ్వి వేసేద్దామమ్మా, అందరికీ అలాగే వేశాం" అన్నాడంటే అతన్ని అక్కడితో వదిలేయ్. "ముందు మట్టి టెస్ట్ చేయిద్దాం, స్ట్రక్చరల్ ఇంజనీర్ డ్రాయింగ్ ఇచ్చాక చెప్తాను" అన్నవాడితో మిగతా మాటలు మాట్లాడొచ్చు. రేగడి లోతుగా ఉంటే అడుగున గుబ్బలా వెడల్పు చేసిన పైల్స్, అంటే నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు, వేయమంటారు. ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చుకి మాత్రం వెనకాడొద్దు.

తర్వాత అతను కట్టిన ఇళ్లు చూడాలి. బిల్డర్లందరూ గృహప్రవేశం అయిన కొత్త ఇంటికే తీసుకెళ్తారు. రంగులు, ఫాల్స్ సీలింగ్, మెరిసే టైల్స్ చూసి మనమూ మురిసిపోతాం. నువ్వు మాత్రం అయిదారేళ్ల కిందట కట్టినవి రెండు చూపించమను. మే నెలలో వెళ్లు, నేల బాగా బిగుసుకున్నప్పుడు. గోడకీ, చుట్టూ వేసిన సిమెంటు గచ్చుకీ మధ్య సందు విడిపోయిందా, కాంపౌండ్ గోడ ఒరిగిందా చూడు. లోపలికి రమ్మంటే బీరువా పక్క గోడ, బాత్రూం అవతలి గోడ చూడు, చెమ్మ అక్కడే బయటపడుతుంది. బిల్డర్ పక్కన ఉండగా ఇంటివాళ్లు ఏమీ చెప్పరు. మర్నాడు నువ్వొక్కదానివే వెళ్లి ఆ ఇంటావిడతో మాట్లాడు. "వానాకాలంలో తలుపులు సరిగ్గా మూసుకుంటున్నాయా అండీ?" అని అడుగు. ఇంకో మాట కూడా అడుగు: ఇల్లు అప్పజెప్పాక ఏదైనా రిపేరు వస్తే ఫోన్ ఎత్తాడా అని. నాకు రెండో మేస్త్రీ దొరికింది అలాగే. "పిలిస్తే నాలుగు రోజులు ఆలస్యంగానైనా వస్తాడమ్మా" అందొకావిడ. ఆ మాటతోనే పెట్టుకున్నాను. ఈరోజుకీ మా శ్లాబ్ ఒక్క చుక్క కారలేదు.

ఇప్పుడు పని నడుస్తున్న అతని సైట్ ఒకటి చెప్పకుండా వెళ్లి చూడు. మధ్యాహ్నం రెండింటికి, ఎండ నెత్తిన ఉన్నప్పుడు. పిల్లర్లకి గోనెసంచులు చుట్టి ఉంటాయి కదా, వాటిని చేత్తో పట్టుకుని చూడు. నేను అలా చూసిన ఒకచోట గోనె అప్పడంలా ఎండి, పట్టుకోగానే దుమ్ము రాలింది. పొద్దున ఒకసారి తడిపి వెళ్లారట. ఇంకోచోట సంచి పిండితే నీళ్లు కారాయి, కింద మట్టి బురదగా ఉంది. ఒక ముసలాయన పైపు పట్టుకుని ఆ పనిమీదే ఉన్నాడు. మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, ఇప్పుడు ఎక్కువగా వాడే, బూడిద కలిపిన పీపీసీ సిమెంటుకి కనీసం 10 రోజులు తడి ఆరకుండా ఉంచాలి. మన ఎండల్లో ఇంకా ఎక్కువ ఉంచితే మంచిదే. ఎవరూ చూడని ఆ పని చేయించేవాడు కనపడని చోట కూడా సిమెంటు తగ్గించడని నా నమ్మకం. అక్కడే ఇనుము కట్టి ఉంటే చువ్వల కింద కవర్ బ్లాకులు (చువ్వని అంచుకి తగలకుండా ఎత్తి ఉంచే చిన్న సిమెంటు దిమ్మలు) పెట్టారా, రాళ్ల ముక్కలు పెట్టారా చూసిరా.

ఇక రేటు. ఆ 150 తేడా ఎక్కడినుంచి వచ్చిందో అడిగారా? ఒకరు సజ్జాలు, మెట్ల గది, పోర్టికో అన్నీ అడుగుల్లో కలుపుతారు, ఇంకొకరు కలపరు. ఒకరి రేటులో సంప్, కాంపౌండ్ గోడ, గేటు ఉంటాయి, ఇంకొకరు తర్వాత "అది ఎక్స్‌ట్రా అమ్మా" అంటారు. ముగ్గురికీ ఒకే ప్లాన్ ఇచ్చి మొత్తం ఇల్లు ఎంతకి అప్పజెప్తారో ఒకే అంకె రాసిమ్మనండి. స్టీల్ గ్రేడ్, సిమెంట్ కంపెనీ, టైల్ అడుగు ఎంతలో, ప్రధాన ద్వారం ఏ చెక్కో అందులోనే రాయించండి. స్టీల్ వచ్చిన రోజు ఒక రాడ్ తూకం వేయించండి. 12 ఎంఎం, 12 మీటర్ల రాడ్ సుమారు 10.66 కిలోలు తూగాలి.

డబ్బు పని అయ్యాకే. బేస్‌మెంట్ అయ్యాక ఒక వాటా, శ్లాబ్ అయ్యాక ఒకటి, గోడలు, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్ ఇలా. బ్యాంకు లోను కూడా దశలవారీగానే వస్తుంది కాబట్టి మీకూ సులువు. ఆఖరి పది శాతం మాత్రం ఒక వానాకాలం గడిచేదాకా ఆపుతామని కాగితం మీద రాయండి. దానికి ఒప్పుకోనివాడి గురించి మళ్లీ ఆలోచించండి. మీరు హైదరాబాద్‌లో ఉంటారు కాబట్టి సామాను మీరే కొనిచ్చే లేబర్ కాంట్రాక్ట్ మీవల్ల కాదు, మెటీరియల్‌తోనే ఇవ్వండి. బిల్డర్‌తో సంబంధం లేని ఇంజనీర్‌ని ఒకరిని వేరుగా పెట్టుకుని, పునాదికీ శ్లాబుకీ తప్పకుండా వచ్చి చూసేలా మాట్లాడుకోండి.

ప్లింత్ ఎత్తు, అంటే నేలకంటే ఇంటి గచ్చు ఎంత ఎత్తులో ఉండాలన్న సంగతి కూడా అడగాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కింది అంతస్తుల వాళ్లు ఎంత అవస్థ పడ్డారో చూశాం కదా. మీ స్థలం దగ్గర ఏరు లేదు, కానీ రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది. ఎంత ఎత్తు పెడదాం అంటే ముందు వెళ్లి కాలువ చూసొచ్చేవాడు నాకు నచ్చుతాడు. అప్రూవల్ ప్లాన్ కంటే రెండడుగులు బయటికి లాగుదాం అని ఆశపెట్టేవాడు నచ్చడు.

వచ్చే శని, ఆదివారాలు సెలవు పెట్టుకుని రండి. ముగ్గురివీ పాత ఇళ్ల అడ్రసులు ఫోన్ చేసి తీసుకుని పెట్టు, నేనూ వెంట వస్తాను. గొడుగు, మజ్జిగ సీసా నేను తెస్తాను. మీ ప్లాన్ కాగితాలు, కొటేషన్లు మూడూ మర్చిపోకుండా పట్టుకురా.

మీ పెద్దమ్మ