జాంబియా రాగి గనుల్లో ఉద్యోగమా? ముందు ఏ ఊరో అడగండి

ఆఫర్ లెటర్‌లో "కాపర్‌బెల్ట్, జాంబియా" అని మాత్రమే ఉంటే సంతకం పెట్టకండి. పని ఏ గనిలో, ఇల్లు ఏ ఊళ్లో అన్నది రాయించుకోండి. కాపర్‌బెల్ట్ అంటే కాంగో సరిహద్దు వెంబడి ఉన్న ఒక ప్రావిన్స్. ఎన్డోలా దానికి రాజధాని. అక్కడికి 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న కిట్వేలో బజారు, ఆస్పత్రులు, మనవాళ్ల సరుకుల కొట్లు దొరుకుతాయి. ముఫులిరా, చింగోలా, చిలిలాబొంబ్వే, లువాన్షా, చంబిషి గనుల కోసమే పుట్టిన ఊళ్లు. సోల్వేజీ, కలుంబిలాల్లోని పెద్ద గనులు పక్కనున్న నార్త్ వెస్టర్న్ ప్రావిన్స్‌లోవి. చింగోలా నుంచి సోల్వేజీకే దాదాపు 170 కిలోమీటర్లు. కుటుంబాన్ని కిట్వేలో పెట్టి ఆ గనుల్లో ఉద్యోగం చేద్దామనుకుంటే కుదరదు.

రెండో ప్రశ్న: జీతం ఇచ్చేది గని కంపెనీయా, దాని కింద కాంట్రాక్టరా? ఇక్కడి గనులు తరచూ చేతులు మారాయి. చింగోలా, చిలిలాబొంబ్వే గనులున్న కొంకోలా కాపర్ మైన్స్ 2004లో వేదాంత చేతికి వచ్చింది, 2019లో లిక్విడేషన్‌లో (అప్పులు తీర్చడానికి ఆస్తులు అమ్మే ప్రక్రియలో) పడింది, 2024లో తిరిగి వేదాంతకే దక్కింది. ఇలాంటప్పుడు ముందు ఆగేవి కాంట్రాక్టర్ల బిల్లులు, వాటి వెనకే వాళ్ల సిబ్బంది జీతాలు. జీతం డాలర్లలోనా, జాంబియా డబ్బు క్వాచాల్లోనా, క్వాచాల్లో అయితే ఏ రోజు మారకం రేటుకు అన్నది కాగితం మీద ఉండాలి. ఉద్యోగ పర్మిట్ ఆ యజమానికే పరిమితం కాబట్టి, కంపెనీ మారితే పర్మిట్ కూడా మార్చుకోవాలి. జీతంలోంచి పన్ను కాక, నాప్సా పెన్షన్‌కు పరిమితికి లోబడి 5 శాతం, నీమా ఆరోగ్య బీమాకు 1 శాతం కోస్తారు.

సింగరేణి అనుభవంతో భూగర్భ గనిలోకి వచ్చేవాళ్లకు ఒక మాట. బొగ్గులో మన భయం మీథేన్, ఇక్కడ భయం నీళ్లు. చిలిలాబొంబ్వేలోని కొంకోలా ప్రపంచంలోనే అత్యంత నీటి ఊట ఉన్న గనుల్లో ఒకటి. రోజుకు మూడు లక్షల ఘనపు మీటర్లకు పైగా తోడిపోస్తేనే పని సాగుతుంది. 1970 సెప్టెంబరులో ముఫులిరా గనిలోకి పైనున్న టైలింగ్స్ (ఖనిజంలోంచి రాగి తీశాక మిగిలే వ్యర్థం) బురద దిగి 89 మంది చనిపోయారు. కరెంటు పోయి పంపులు ఆగితే ఏ దారిన పైకి రావాలో మొదటి షిఫ్టులోనే అడిగి తెలుసుకోండి.

ఇల్లు వెతికేటప్పుడు ముఫులిరాలో గాలి చూడాలి. రాగిని కరిగించి తీసే స్మెల్టర్ నుంచి వచ్చే గంధకపు పొగను అక్కడివాళ్లు "సెంటా" అంటారు. పొగను పట్టి ఆమ్లంగా మార్చే ప్లాంటు వచ్చాక బాగా తగ్గింది. అయినా పిల్లల్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే స్మెల్టర్ పక్కనున్న కంకోయో వైపు వద్దు.

నీళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఈ ఊళ్లకు ప్రాణం కఫ్వే నది. 2025 ఫిబ్రవరి 18న చంబిషి దగ్గర ఒక గని టైలింగ్స్ కట్ట తెగి ఆమ్లపు నీళ్లు వాగులోంచి కఫ్వేలో కలిశాయి, కిట్వేకు నల్లా నీళ్లు ఆపాల్సివచ్చింది. కాచితే క్రిములు చస్తాయి కానీ లోహాలు పోవు, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. యూవీ ఫిల్టరుతోనూ అంతే. తాగడానికి, వంటకు ఆర్‌ఓ పెట్టించుకోండి. ఇంటి బోరు నీటిని ఒకసారి ల్యాబులో పరీక్ష చేయించండి.

కరెంటు ప్రీపెయిడ్. 20 అంకెల టోకెన్ కొని మీటర్‌లో కొట్టాలి. దేశానికి ఎక్కువ కరెంటు జలాశయాల నుంచే. 2024 కరవులో కరీబా జలాశయం అడుగంటితే రోజులో ఎక్కువ గంటలు కోతే. అలాంటప్పుడు మామూలు ఇన్వర్టర్, లెడ్ యాసిడ్ బ్యాటరీ నిలవవు. కరెంటు వచ్చే రెండు మూడు గంటల్లో అవి నిండవు, సగంలోనే మళ్లీ ఖాళీ అవుతాయి, పలకల మీద సల్ఫేట్ గట్టిపడి కొద్ది నెలల్లో పాడవుతాయి. లిథియం బ్యాటరీ, పైన సోలార్ పలకలు ఉన్న ఇంటికి అద్దె కాస్త ఎక్కువైనా అదే మేలు. బోరు మోటారు ఆ ఇన్వర్టర్ మీద నడుస్తుందో లేదో ఇంటి యజమాని ఎదుటే ఆన్ చేయించి చూడండి. ప్లగ్గులు బ్రిటిష్ తరహా చదరపు పిన్నులవి, మన గుండ్రటి పిన్నులు దూరవు.

బడి సంవత్సరం జనవరిలో మొదలవుతుంది. మన దగ్గర ఏప్రిల్‌లో పరీక్షలు రాసి వస్తే అప్పటికే మొదటి టర్మ్ అయిపోయి ఉంటుంది. పిల్లలు తొమ్మిది, పది తరగతుల్లో ఉంటే తర్వాత ఎక్కడ చదివించాలో తేల్చుకున్నాకే కదలండి.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, వాటితో మలేరియా. ఎవరికి జ్వరం వచ్చినా ఆరోజే రక్తపరీక్ష. సెలవుల్లో ఇండియాకు వెళ్లాక జ్వరం వస్తే "జాంబియా నుంచి వచ్చాం" అన్న మాట డాక్టర్‌కు మొదటే చెప్పండి. ఇక్కడిది ఎక్కువగా ఫాల్సిపారం రకం, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ నేల మొదటి నుంచీ లంబా అనే స్థానిక తెగది, గనుల ఊళ్లలో నడిచే భాష బెంబా. దుకాణంలోనైనా, సెక్యూరిటీ గేటు దగ్గరైనా "ములి శాని?" అని పలకరించాకే పని చెప్పండి, లేకపోతే పొగరనుకుంటారు. వాళ్లు మిమ్మల్ని అడిగితే "బ్వినో" అనండి. పెద్దవాళ్ల పేరుకు ముందు "బా" చేర్చండి, అది మన "గారు" లాంటిది.

చిలిలాబొంబ్వే దాటితే కసుంబలేసా సరిహద్దు. కాంగో వైపు లారీలు ఒక్కోసారి కిలోమీటర్ల కొద్దీ ఆగి ఉంటాయి, చీకటిపడ్డాక ఆ రోడ్డెక్కకండి. పనిమీద కాంగోలో అడుగు పెట్టాల్సివస్తే కనీసం పది రోజుల ముందే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని పసుపు కార్డు దగ్గరుంచుకోండి. అది లేకుండా కాంగో నుంచి ఇండియాలో దిగితే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు.