ఎక్స్‌రే నార్మల్... మరి ఎమ్మారై దేనికి?

ప్రశ్న: మా బాబుకి 13 ఏళ్లు. క్రికెట్ కోచింగ్‌కి వెళ్తున్నాడు. బౌండరీ నుంచి బంతి విసరడంలో దిట్ట. రెండు నెలలుగా కుడి మోచేయి బయటివైపు నొప్పి అంటున్నాడు, చెయ్యి పూర్తిగా చాచలేకపోతున్నాడు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. అయినా ఎముకల డాక్టరుగారు ఎమ్మారై తీయించమంటున్నారు. మా అత్తగారేమో పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టిద్దామంటున్నారు. ఎమ్మారై ఖరీదు కదా, సీటీ సరిపోదా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ఎమ్మారై తీయించండమ్మా. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ దాని మీది గుజ్జు కనిపించదు. మోచేతి బయటివైపు, ముంజేతి ఎముక తల వచ్చి ఆనే గుండ్రటి భాగాన్ని క్యాపిటెల్లమ్ అంటాం. బంతి గట్టిగా విసిరిన ప్రతిసారీ ఆ రెండూ నొక్కుకుంటాయి. అక్కడికి రక్తసరఫరా అసలే అంతంత మాత్రం. దాంతో గుజ్జు కింది ఎముక బలహీనపడుతుంది. ముదిరితే గుజ్జుతో సహా పెచ్చు ఊడి కీలులో తిరుగుతుంది. దీన్నే ఆస్టియోకాండ్రైటిస్ డిసెకాన్స్ అంటాం. మీ బాబు వయసు, ఆట, నొప్పి ఉన్న చోటు మూడూ అటే చూపిస్తున్నాయి. పదేళ్లలోపు పిల్లలకైతే ఇలాంటిదే పానర్స్ జబ్బు అని ఒకటుంది, అది చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

ఆ ఎక్స్‌రే ఎలా తీశారో కూడా అడగండి. చెయ్యి చాపి ఒకటి, మడిచి పక్క నుంచి ఒకటి తీసి పంపేయడం మామూలు. దెబ్బ తగిలేది ఎక్కువగా క్యాపిటెల్లమ్ ముందు భాగంలో. చాపి తీసిన ఫిల్ములో అది సరిగ్గా పడదు. మోచెయ్యి 45 డిగ్రీలు వంచి ఎదురుగా తీస్తే పట్టుబడే అవకాశం ఎక్కువ. అలా తీసినా తొలిదశ దొరక్కపోవచ్చు.

సీటీ దేనికంటే, ఊడిన ముక్కలు ఎన్ని, ఎక్కడున్నాయో చూడ్డానికి. గుజ్జు సంగతి అది చెప్పదు, పైగా రేడియేషన్. ఎమ్మారైలో ఆ బెడద లేదు. అందులో నేను మొదట వెతికేది పెచ్చుకీ కింది ఎముకకీ మధ్య తెల్లటి గీత. ఆ తెలుపు కీలులోని నీరు. అది అక్కడికి దూరిందంటే పెచ్చు వదులైందని అనుమానించాల్సిందే, ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రంలోంచి కెమెరా గొట్టం పంపి కీలు లోపల చేసే ఆపరేషన్) మాట వస్తుంది. గీత లేకుండా, పైన గుజ్జు చెక్కుచెదరకుండా ఉంటే బంతి విసరడం కొన్ని నెలలు మాన్పించి చూస్తాం. ఎముకలు ఇంకా ఎదిగే వయసు గనక దెబ్బ మానే అవకాశం బాగుంటుంది. జపాన్‌లో బేస్‌బాల్ ఆడే పిల్లల దగ్గరికి డాక్టర్లే అల్ట్రాసౌండ్ మెషిన్ పట్టుకెళ్లి మోచేతులు పరీక్షిస్తారు, తొలిదశలో పట్టుకోవాలనే.

ఒకవేళ క్యాపిటెల్లమ్ వెనకవైపు నొక్కు ఉందని రిపోర్టులో రాస్తే కంగారు పడకండి. గుజ్జు అంతమయ్యే ఆ చోట సహజంగానే అలా ఉంటుంది.

తీసేటప్పుడు చాలాచోట్ల బోర్లా పడుకోబెట్టి చెయ్యి తల పైకి చాపిస్తారు. నొప్పితో కదిలితే బొమ్మలు చెదురుతాయి. చాపలేడని టెక్నీషియన్‌కి ముందే చెప్పండి, చెయ్యి ఒంటి పక్కన పెట్టి కూడా తీయొచ్చు. మొలతాడుకి తాయెత్తు ఉంటే ఇంటి దగ్గరే తీసేయండి.

పుత్తూరు కట్టు పేరు విరిగిన ఎముకలకి. మీ బాబుకి విరిగిందేమీ లేదని అత్తగారికి చెప్పండి. నూనె రాసి చెయ్యి లాగి సాపు చేయించడం మాత్రం అసలొద్దు. మోచెయ్యి ఉన్నట్టుండి పట్టేసి కదలకపోతే ఎమ్మారై తేదీ కోసం ఆగకుండా అదే రోజు డాక్టరుగారికి చూపించండి.